తొక్కు, వదులు

"తొక్కు!" బానెట్ వెనక నుంచి భర్త అరిచాడు.

"వద్దు వదినా, వదిలెయ్యండి!" అదే బానెట్‌కి రెండో పక్క నుంచి మరిది అరిచాడు.

ఆమె కుడికాలు యాక్సిలరేటరు మీద సగం నొక్కీ సగం నొక్కకా నిలిచిపోయింది. ఇంజను రెండుసార్లు పొడిదగ్గు దగ్గి ఆగిపోయింది. షెడ్డంతా పెట్రోలు వాసన.

"చూశావా, ఆపేశావు," అన్నాడు భర్త.

"నేను ఆపలేదు. అదే ఆగింది."

"తొక్కమన్నప్పుడు తొక్కితే ఎందుకాగుతుంది?"

"ఒకరు తొక్కమంటారు, ఒకరు వదలమంటారు. ఉన్నది ఒక్క కాలు. ఎవరి మాట వినమంటారు?"

ఆయన తల కూడా ఎత్తకుండా, "ఆ పెద్దమనిషిని స్క్రూ మీద చెయ్యి తియ్యమను," అన్నాడు.

ఆ పెద్దమనిషి అక్కడే, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఉన్నాడు. అయినా ఆమె చెప్పేదాకా ఆగాడు.

"చెయ్యి తియ్యమంటున్నారు," అందామె.

"నేను చెయ్యి పెట్టి అరగంటయింది, ఇప్పుడు కనిపించిందా అని అడగండి వదినా."

ఆ కారు ఇంగ్లండులో తయారైంది. రెండే సీట్లు, ముదురాకుపచ్చ రంగు, నేలకి జానెడెత్తు. ఇంట్లో అందరూ దాన్ని దొరసాని అంటారు. మామగారు పోతూ పోతూ దాన్ని ఇద్దరు కొడుకుల పేరా రాసిపెట్టాడు. ఇల్లయితే మధ్య గోడ కట్టుకుని పంచుకోవచ్చు. కారుని ఎలా పంచుకుంటారో ఆయన ఆలోచించినట్టు లేదు. గేర్‌బాక్సు విప్పిన రోజు మొదలు అన్నదమ్ములకి మాటల్లేవు. మాటల్లేవంటే వాదనలు లేవని కాదు, అవి ఆమె మీదుగా నడుస్తున్నాయి. టెలిఫోను తీగ తనలోంచి పోయే మాటల్ని పట్టించుకోదు కదా, ఆమె కూడా పట్టించుకోకూడదని ఇద్దరి ఉద్దేశమూ.

ఇప్పటి వాదన కార్బరేటర్ల గురించి. గాలినీ పెట్రోలునీ తగుపాళ్ళలో కలిపి ఇంజనుకి అందించే సరంజామా అది. ఇంజనుకి ముక్కూ నోరూ అదే. మరిది ఎవరో స్నేహితుణ్ణి బతిమాలి పందెం కార్లకి పెట్టే జంటగొట్టాల కార్బరేటర్లు రెండు తెచ్చాడు. నాలుగు సిలిండర్లకీ నాలుగు నోళ్ళు, ఒక్కో నోటికీ బాకా లాంటి మూతి. భర్త సంపాదించినవి బండితో వచ్చిన రకానివే, కాకపోతే ఒక సైజు పెద్దవి. పుట్టుకతో వచ్చిన అసలు జత మెట్ల కింద బిస్కట్ల డబ్బాలో ఉంది. అది అరిగిపోయిందనీ, తుక్కుకి తప్ప పనికిరాదనీ అన్నదమ్ములిద్దరూ ఒప్పుకున్నారు. వాళ్ళు ఒప్పుకున్నది ఆ ఒక్క విషయమే.

మేస్త్రీ చెక్కపెట్టె తిరగేసుకుని దాని మీద కూర్చుని, ఎప్పుడో తుడుచుకున్న చేతుల్నే గుడ్డతో మళ్ళీ తుడుచుకుంటున్నాడు. "ఇద్దరు యజమానుల బండి. ఇద్దరూ ఒక మాట మీదికొస్తేనే నేను పానా పట్టేది," అని మొదటిరోజే చెప్పాడు. ఒకసారి ఒకరి మాట మీద పని చేసి, రెండోవారి చేత తిట్లు తిన్నవాడు. ఇప్పుడు సాయంత్రం పూట వచ్చి, టీ తాగి, బిగించమన్నవి పరీక్షకి బిగించి, విప్పమన్నవి విప్పి వెళుతున్నాడు.

"మళ్ళీ స్టార్ట్ చెయ్యండి వదినా. ఈసారి ఒక్కసారిగా, మొత్తం."

ఆమె తాళం తిప్పి, ఒక్కసారిగా, మొత్తం తొక్కింది. నాలుగు బాకాలూ నోళ్ళు తెరిచాయి. రేకుల కప్పు అదిరింది, గూట్లో మేకుల డబ్బా జారి కిందపడింది. వీధిలో ఎవరో కిటికీ ధడాలున మూశారు. మరిది కళ్ళు మూసుకుని కచేరీ వింటున్నట్టు తల ఊపాడు.

"అదీ! విన్నారా? అదీ ఊపిరంటే!"

"గోలంటే అని చెప్పు," అన్నాడు భర్త.

ఆమె కాలు మొత్తం ఎత్తేసి, ఈసారి తనంతట తాను, రోజూ వాడే చిన్న కారుని వీధి మలుపులో తొక్కినట్టు మెల్లిగా తొక్కింది. కొంచెం దిగగానే కాలికింద ఏమీ లేదు. చీకట్లో మెట్లు దిగుతూ ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే లేనట్టుంది. ఇంజను గుటక మింగి, బాకాలోంచి ఫట్టుమని ఉమ్మి ఆగిపోయింది.

"ఇక్కడ గొయ్యి ఉంది," అందామె.

"ఎక్కడ?" అన్నాడు భర్త, బండి కిందికి వంగి చూస్తూ.

"కింద కాదు. నా కాలి దగ్గర. మెల్లిగా తొక్కితే గొయ్యిలో పడుతోంది."

"మెల్లిగా ఎవరు తొక్కమన్నారు వదినా? ఇది మెల్లిగా తొక్కే బండా?"

"నేను తోలేది మెల్లిగానే కదా."

ఒక్క క్షణం అన్నదమ్ములిద్దరూ ఒకేసారి తలలెత్తి ఆమెని చూశారు. తర్వాత, గేర్‌బాక్సు నాటి నుంచీ మొదటిసారిగా, ఇద్దరూ ఒకేలా నవ్వారు.

"నువ్వా!" అన్నాడు భర్త. "ఆదివారం సంగతా? ఇంకా అదే మాట మీదున్నావా?"

అవును, ఆమె అదే మాట మీదుంది. కొండ మీద ఉంటున్న అక్క కాలు విరిగి, కట్టుతో ఇంట్లో పడి ఉంది. "విసుగెత్తి చస్తున్నానే. ఆ బొమ్మకారు వేసుకుని రారాదూ? గేటు దగ్గర కుర్చీ వేయించుకుని చూస్తా," అంది ఫోనులో. ఈమె కూడా ఊపులో, "ఆదివారం నేనే తోలుకుని వస్తా, చూడు," అనేసింది. అన్నాక గానీ తట్టలేదు: ఆ సీట్లో కూర్చుని ఇన్నేళ్ళుగా తొక్కమంటే తొక్కింది, వదలమంటే వదిలింది, కానీ బండి కదులుతుండగా ఒక్కసారి కూడా దాని స్టీరింగు పట్టుకోలేదు.

*

మర్నాడు పొద్దున ఆమె వంటింట్లోంచి వచ్చేసరికి భోజనాల బల్ల మీద, ఇస్త్రీకి వాడే దుప్పటి పరిచి, దాని మీద భర్త తన జత విప్పి పెట్టాడు. బుడ్డీల్లాంటి మూతలు, వాటిలో పైకీ కిందికీ ఆడే పిస్టన్లు, పిస్టన్ కొసన సూదులు. ఒక్కో సూదినీ కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టుకుని, ఒంటికన్ను మూసి చూస్తున్నాడు. ఆమె సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఇంత శ్రద్ధ పెడితే, "ఇంకా ఎంతసేపు?" అని అడిగే మనిషి.

"అన్నం ఎక్కడ పెట్టమంటారు?"

"ఒళ్ళో పెట్టుకుని తింటా. నువ్వు ముట్టుకోకు. ఇక్కడ ధూళి రేణువు పడ్డా ప్రమాదమే."

"ఇస్త్రీ దుప్పటి ఇది."

"శుభ్రంగా ఉందనే కదా తీసుకున్నా."

ఆమె గుమ్మంలోనే నిలబడింది. బల్ల మీది పెద్ద గొట్టాన్ని చూస్తుంటే కట్టెలపొయ్యి, దాని పక్కన ఊదుగొట్టం గుర్తొచ్చాయి. "ఏమండీ, పొయ్యి రాజెయ్యాలంటే సన్నగొట్టంతోనే ఊదాలి. గొట్టం మరీ లావైతే ఎంత ఊదినా బూడిద కూడా లేవదు. ఇదీ అంతేనేమో. ఇంజను పీల్చేది అంతంతమాత్రం అయినప్పుడు నోరు అంత పెద్దది ఎందుకు?"

భర్త కన్ను తెరిచాడు. "వాడి గొట్టాల గురించేనా? సరిగ్గా చెప్పావు. ఈ మాట వాడితో అను."

"మీ గొట్టాల గురించి కూడా."

ఆయన మళ్ళీ కన్ను మూశాడు.

మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. "కుర్చీ ఎండకి వేయించనా, నీడకా?"

"నీడకే వేయించు. ఎప్పటికొస్తానో ఏమో."

"వస్తావా రావా, అది చెప్పు. మీ మరిదినో మీ ఆయన్నో తోలమని పక్కన కూర్చుని వస్తే మాత్రం గేటు తియ్యనివ్వను."

"నా చేతుల్లో ఏముందక్కా?"

"స్టీరింగు ఉండాలి మరి," అంది అక్క. ఈమెకి నవ్వు రాలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పి పెట్టేసింది. పొయ్యి మీద పాలూ లేవు, ఏమీ లేవు.

శుక్రవారం సాయంత్రం భర్త జత ఎక్కింది. ఇది మరిది జతంత గోల చెయ్యలేదు. మధ్య వేగంలో బాగానే గుంజింది కూడా. గొయ్యి కొంచెం చిన్నది, అంతే. మెల్లిగా తొక్కితే తటపటాయించి అందుకుంటోంది, వదిలితే మాత్రం ఊపిరి బిగబట్టి ఆగిపోతోంది. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది.

"నీ కాలు బరువు," అన్నాడు భర్త.

"మొన్న తేలిక అన్నారు."

"మొన్నటివి వాడివి."

"పెద్దాయన్ని అడగండి వదినా," అన్నాడు మరిది. "ఎత్తు మీద ఆగిపోతే వెనక నించి తోస్తూ వస్తారటా అని."

"వాడివి పెడితే తొయ్యక్కర్లేదని చెప్పు. అసలు గేటు దాకా వస్తే కదా!"

"గేటు దాకా ఎందుకొస్తుంది? అది కుక్కపిల్లా? అది పరుగెత్తే బండి అని చెప్పండి."

"ఎక్కడ పరుగెత్తిస్తాడటా? పాలకేంద్రానికా?"

ఆమె కాలు ఇంకా యాక్సిలరేటరు మీదే ఉంది. ఇంజను ఆగిపోయి చాలాసేపయింది. అడకత్తెరలో పోకచెక్క పరిస్థితే నయం. దాన్ని మధ్యలో పెట్టుకుని ఇటు మాట అటు చెప్పమని ఎవరూ అడగరు. మేస్త్రీ పెట్టె మీదినుంచి లేచి, "నేనొస్తానండి. తేలాక కబురు చెయ్యండి," అన్నాడు. రేపటి నుంచి ఇంకో ఊళ్ళో పనుందని ఆమె వైపు చూడకుండా నసిగాడు.

"తేలదు," అందామె. ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఇలా అయితే ఈ జన్మకి తేలదు. ఏదో ఒకటి తేల్చి బిగించెయ్యండి."

"అంత తెలిస్తే నువ్వే తేల్చుకో!" అన్నాడు భర్త, పానా పెట్టెలోకి విసిరేసి.

"మీరే తేల్చుకోండి వదినా!" అన్నాడు మరిది, చేతులు దులుపుకుని. "నాకేం అభ్యంతరం లేదు. అన్నయ్యకి లేకపోతే!"

"నాకెందుకుంటుంది? చెప్పు వాడికి!"

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మాటేనా?"

"మాటే!" అన్నారు ఇద్దరూ, వేరు వేరు తలుపుల్లోంచి బయటికి నడుస్తూ.

మేస్త్రీ ఒక కాలు బయటపెట్టి ఆగిపోయాడు. ఆమె అతని వంక చూసింది. "విన్నావుగా?"

"విన్నానమ్మా," అన్నాడు మేస్త్రీ, ఇష్టం లేకుండా.

*

శనివారం పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ పాతకార్ల నిపుణుడొకాయన్ని కలవడానికి పక్కూరు వెళ్ళారు. ఒకే నిపుణుడు, వేరు వేరు బస్సులు. ఆమె మెట్ల కిందికి వంగి, పాత గొడుగులూ చీపుర్లూ తప్పించి, బిస్కట్ల డబ్బా బయటికి లాగింది. చిన్న కారులో పక్కసీట్లో పెట్టుకుని, డబ్బా జారకుండా సీటుబెల్టు కూడా పెట్టి, మేస్త్రీ దుకాణానికి తీసుకెళ్ళింది.

అతను మూత తీసి చూసి, మళ్ళీ మూత పెట్టేశాడు.

"ఇవెందుకమ్మగారూ?"

"ఇవే బిగించాలి."

"పెద్దయ్యగారేమో పెద్దసైజు అంటారు, చిన్నయ్యగారేమో పందెం కార్లవి అంటారు. వీటి పేరు ఎవరూ ఎత్తలేదే!"

"నేనెత్తుతున్నా. తేల్చుకోమన్నది నన్ను. నువ్వు విన్నావు."

"విన్నాననుకోండి. రేపు నా పీక మీదికొస్తే?"

"నా పీకకి రెండువైపులా ఆల్రెడీ ఇద్దరున్నారు. నీ దాకా రారు."

మేస్త్రీ నవ్వబోయి ఆపుకున్నాడు. ఒకదాన్ని తీసి, మధ్యలో అడ్డంగా ఉన్న ఇరుసుని బొటనవేలితో ఊపాడు. పాడైపోయిన పన్నులా ఊగింది. "ఇదిగో, ఇక్కడే అరిగింది. ఈ సందులోంచి దొంగగాలి లాగుతుంది. ఇది ఉండగా ఎన్ని స్క్రూలు తిప్పినా కుదురు రాదు. కొత్త బుష్షులు, అవే ఇత్తడి తొడుగులు, లేతు మీద చేయించాలి, ఇరుసులు మార్చాలి. పని ఉంది. ఇంతా చేస్తే ఉరుకులు పరుగులూ రావు, చెబుతున్నా. ఇవి మామూలువి."

"ఆ బండి మా గేటు దాటి ఎన్నాళ్ళయింది?"

మేస్త్రీ లెక్క వెయ్యబోయి మానేశాడు.

"ముందు గేటు దాటనీ," అందామె. "తర్వాత కొండదారి. మలుపు మలుపుకీ వదలాలి, మళ్ళీ మెల్లిగా అందుకోవాలి. తోలేది నేను. నేను పందెం వెయ్యను. ఆ దారిలో మెల్లిగా తొక్కితే ఆగిపోని ముక్కు కావాలి నాకు. ఆ రెండూ చూశాను, ఈ మూడింట్లో అది ఇదే అయ్యుండాలి. కాకపోతే చెప్పు, మానేస్తా."

అతను కాసేపు డబ్బాలోకి చూశాడు. "కాదనను," అన్నాడు. "నన్నెవరూ ఆ వైపు నుంచి అడగలేదు."

"అడక్కపోతే నువ్వు చెప్పకూడదా?"

మేస్త్రీ తల గోక్కున్నాడు. "చెబితే ఎవరి పక్షమంటారోనని…"

"పక్షాలు!" అందామె. ఆ ఒక్క మాటలోనే వారం రోజుల కోపం ఉంది.

బుష్షులయ్యేదాకా ఆమె అక్కడే స్టూలు మీద కూర్చుంది. లేతు మీంచి ఇత్తడి తురుము మెరుస్తూ కింద రాలింది. మధ్యాహ్నానికి ఆమే మేస్త్రీ షెడ్డు చేరారు. మేస్త్రీ రెండింటినీ బిగించి, బుడ్ల మూతలు తీసి పలచటి నూనె రెండేసి చుక్కలు పోశాడు. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస ముందు ఒక కార్బరేటరు మూతి దగ్గర, తర్వాత రెండోదాని దగ్గర పెట్టి విన్నాడు. రెండూ ఒకే స్వరంతో బుస కొట్టేదాకా స్క్రూలు తిప్పాడు.

"తొక్కండమ్మా."

తొక్కింది.

"వదలండి."

వదిలింది.

"ఎలా ఉంది?"

ప్రశ్న తననేనా అని ఒకసారి పక్కకి చూసింది. పక్కన ఎవరూ లేరు. అంతలో ఆమెకి చిరాకేసింది: ఇన్నేళ్ళకి అడగాల్సిన ప్రశ్నా ఇది! కాలు మళ్ళీ మెల్లిగా దించింది.

"మొదట్లో కొంచెం తడబడుతోంది. గొయ్యి కాదు. గడప తగిలినట్టు."

మేస్త్రీ కింద ఉన్న నట్టుని పిసరంత తిప్పాడు. "ఇప్పుడు?"

"ఇంకాస్త."

ఇంకాస్త తిప్పాడు. ఆమె తొక్కింది. కాలు దిగినకొద్దీ శబ్దం దిగకుండా, ఆగకుండా, వెంట వచ్చింది. గోల లేదు. గూట్లో మేకుల డబ్బా కదల్లేదు.

"చాలు," అందామె.

విప్పిన రెండు జతల్నీ తుడిచి, భర్తవి ఇస్త్రీ దుప్పటిలోనూ మరిదివి పాత సంచిలోనూ చుట్టి, షెడ్డులో బల్ల మీద పక్కపక్కనే పెట్టింది. దుప్పటి ఇక ఇస్త్రీకి పనికిరాదు.

*

ఆదివారం పొద్దున అన్నదమ్ములు ఒకేసారి షెడ్డులోకి వచ్చారు. బానెట్ ఎత్తే ఉంది. ఇద్దరూ ఎప్పటి చోట్లలోనే, చెరోపక్కా నిలబడి, లోపలికి చూసి, కొయ్యబారిపోయారు.

"ఇవెవరు పెట్టారు?" అన్నాడు భర్త.

"మీరిద్దరూ," అందామె. బ్యాగు పక్కసీట్లో పెట్టి, దాని పక్కన అక్కకి చేసిన అరిటికాయ ముక్కల డబ్బా సర్దుతోంది.

"మేమా?"

"నన్ను తేల్చుకోమన్నారు. తేల్చాను."

"కోపంలో అన్నాను!"

"కోపంలో తొక్కమన్నా తొక్కాను కదా ఇన్నాళ్ళూ. ఎప్పుడైనా కోపం తగ్గాక తొక్కుతానన్నానా?"

మరిది ముందుకొచ్చాడు. "వదినా, ఇవి తుక్కండీ! ఆ విషయంలో మా ఇద్దరికీ అభిప్రాయ భేదమే లేదు. కావాలంటే అన్నయ్యని అడగండి."

"అడగను. అక్కడే ఉన్నారు, నువ్వే అడుగు."

మరిది నోరు తెరిచి, అన్న వైపు చూసి, మూసేశాడు. భర్త గొంతు సవరించుకున్నాడు. "వాడితో చెప్పు…"

"చెప్పను," అందామె. ఆ మాట అనడానికి ఇంత తక్కువ శ్రమ పడుతుందని ముందే తెలిస్తే గేర్‌బాక్సు రోజునే అనేది.

బానెట్ తనే దించి, అరచేత్తో నొక్కి మూసింది. వాళ్ళు చేతులు లాక్కున్నారు. డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పింది. దొరసాని మొదటి పిలుపుకే పలికింది. షెడ్డులో కొన్ని నెలలుగా లేని శబ్దం అది, గోల కాదు, దగ్గు కాదు, నిద్రపోతున్న మనిషి ఊపిరిలా ఒక్క తీరుగా.

అలవాటు పోదు. ఇద్దరూ ఒక్క అడుగు వెనక్కి వేసి, చెరోపక్కా వంగి, చెవులు రిక్కించారు.

"తొక్కు," అనబోయాడు భర్త. కానీ ఆమె హ్యాండ్‌బ్రేకు దించేసింది. బండి షెడ్డు గడప మీదినుంచి ఒళ్ళు విరుచుకున్నట్టు దిగి, గేటు ముందు ఏటవాలు ఎక్కింది. మరిది జతతో అయితే ఆ ఏటవాలు ఎక్కేదే కాదు, భర్త జతతో అయితే మధ్యలో ఆగిపోయేది. ఆమె కాలు మెల్లిగా దిగింది. గొయ్యి ఉండే చోటుకి వచ్చాక కూడా దిగుతూనే ఉంది. కాలికింద మెట్టుంది.

"ఒక్కదానివే వెళతావా?" భర్త వెనకనుంచి అరిచాడు. "దారిలో ఆగిపోతే?"

"ఆగిపోతే ఫోను చేస్తా. ఇద్దరూ కలిసి రండి. ఒకే బస్సులో!"

వీధిలోకి తిరిగాక చిన్న అద్దంలో చూసింది. గేటు మధ్య ఇద్దరూ నిలబడి ఉన్నారు. వాళ్ళిద్దరికీ మధ్య ఎప్పుడూ తను ఉండే చోటు ఖాళీగా ఉంది. కాసేపు ఇద్దరూ చెరో దిక్కు చూశారు. తర్వాత మరిది చెయ్యి ఎత్తి బండి వైపు చూపిస్తూ ఏదో అన్నాడు. భర్త అంతకన్నా గట్టిగా చెయ్యి ఊపి ఏదో జవాబిచ్చాడు, అతని మొహంలోకి నేరుగా చూస్తూ.

పోట్లాడుకుంటున్నారు. దేని గురించో వినిపించలేదు. విని, మళ్ళీ ఎవరికో చెప్పాల్సిన పని కూడా లేదు.

వీధి చివర కొండదారి మొదటి మలుపు వచ్చింది. ఆమె కాలు వదిలి, గేరు దించి, మెల్లిగా తొక్కింది.